అగ్లుటినేషన్ నిర్వచనాలు కలగాపులగం అవుతుంటే

పరీక్ష ముందు రోజు రాత్రి బీఎస్సీ, డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పిల్లలకు పట్టుకునే టెన్షన్ ఇది. డైరెక్ట్, పాసివ్, రివర్స్ పాసివ్, కోయాగ్లుటినేషన్ అని నాలుగు నిర్వచనాలు చదివితే నాలుగూ ఒకటే అనిపిస్తాయి. తప్పు వాళ్లది కాదు. చాలా నోట్సుల్లో నిర్వచనం "యాంటిజెన్, యాంటీబాడీ కలవడం" దగ్గరే ఆగిపోతుంది. యాంటీబాడీ అంటే రక్తంలో ఉండే ఒక రక్షణ ప్రొటీన్, అది పట్టుకునే పదార్థం యాంటిజెన్.

సమస్య: ప్రెసిపిటేషన్‌తో తేడా చెప్పలేకపోతున్నాను

యాంటిజెన్ ద్రవంలో కరిగి ఉండి, యాంటీబాడీతో కలిసి అడుగుకు దిగితే ప్రెసిపిటేషన్. బాక్టీరియా, ఎర్ర రక్తకణాలు, లాటెక్స్ పూసల లాంటి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని కంటికి కనిపించేలా గుంపులు కడితే అగ్లుటినేషన్. "రేణువు" అన్న మాట లేని నిర్వచనాన్ని నమ్మకండి.

సమస్య: రకాలన్నీ కలిసిపోతున్నాయి

కారణం, పేర్లు బట్టీ పట్టడం. పేరు వదిలేసి ప్రతి పరీక్షనూ ఒకటే అడగండి: రేణువు మీద ఏముంది? అది దాని సొంతమా, మనం అతికించిందా?

వైడాల్ టెస్టులో రేణువు టైఫాయిడ్ బాక్టీరియానే. ఓ, హెచ్ యాంటిజెన్లు దాని సొంతం. కాబట్టి డైరెక్ట్. రక్తం గ్రూపు చూడటమూ ఇంతే. రుమటాయిడ్ ఫ్యాక్టర్ (కీళ్లవాతంలో కనిపించే యాంటీబాడీ) టెస్టులో లాటెక్స్ పూసకు మనిషి ఐజీజీని (ఒక రకం యాంటీబాడీ) పూస్తారు. అది యాంటిజెన్‌గా పనిచేస్తుంది. అతికించింది కాబట్టి పాసివ్. సీఆర్‌పీ (వాపు ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ప్రొటీన్) లాటెక్స్‌ టెస్టులో పూసకు అంటించింది యాంటీబాడీ. మనం వెతికేది యాంటిజెన్‌ని. అందుకే రివర్స్ పాసివ్. ఆ యాంటీబాడీని మోసేది పూస కాకుండా స్టెఫైలోకాకస్ ఆరియస్ అయితే కోయాగ్లుటినేషన్. దాని పైన ఉండే ప్రొటీన్ ఏ, యాంటీబాడీని ఎఫ్‌సీ కొన (తోక వైపు) దగ్గర పట్టుకుంటుంది. యాంటిజెన్‌ని పట్టే చేతులు బయటికి చూస్తుంటాయి.

ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఎర్ర రక్తకణాలను గుంపు కట్టించడానికి మాత్రం యాంటీబాడీ అక్కర్లేదు. దాన్ని వీటితో కలపకండి.

సమస్య: మొదటి ట్యూబుల్లో గుంపుల్లేవు, తర్వాతి ట్యూబుల్లో ఉన్నాయి

ఇది ప్రోజోన్. బ్రూసెల్లా బాక్టీరియా టెస్టులో బాగా కనిపిస్తుంది. యాంటీబాడీలు మరీ ఎక్కువైతే ప్రతి రేణువునూ అవే కప్పేస్తాయి, రెండు రేణువుల మధ్య వంతెన పడదు. సీరమ్‌ను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) రెట్టింపు చొప్పున పలుచన చేస్తూ చివరి దాకా చూడాలి. గుంపు కనిపించిన ఆఖరి పలుచనే టైటర్: 160 రెట్ల పలుచనలో కనిపించి 320 రెట్లలో కనిపించకపోతే టైటర్ 160.

సమస్య: డైరెక్ట్ కూంబ్స్ అంటే డైరెక్ట్ అగ్లుటినేషనేనా?

కాదు. మాట ఒకటే, అర్థం వేరు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ మంది అడిగేది ఇదే. ఐజీజీ ఎర్ర రక్తకణాలకు అంటుకున్నా, మామూలుగా వాటిని గుంపు కట్టించలేదు. యాంటీ హ్యూమన్ గ్లోబ్యులిన్ (మనిషి యాంటీబాడీలను పట్టుకునే యాంటీబాడీ) కలిపితే వంతెన పడుతుంది. 1945లో వచ్చిన ఈ పద్ధతే కూంబ్స్ టెస్టు. రోగి కణాల మీద యాంటీబాడీ ముందే ఉందా అని చూస్తే డైరెక్ట్ కూంబ్స్. సీరమ్‌లో ఉన్న యాంటీబాడీని ముందు వేరే కణాలకు పట్టించి చూస్తే ఇండైరెక్ట్ కూంబ్స్.