ఈనియడ్ అనువాదం కొనేముందు ఈ రెండు పంక్తులు చూడండి

రోమన్ కవి వర్జిల్ లాటిన్‌లో రాసిన ఇతిహాసం ‘ఈనియడ్’కి ఇంగ్లిష్ పద్యానువాదాలు బోలెడు. ఏది తీసుకోవాలో తేలకపోతే 1వ సర్గలో తుఫాను ఘట్టం (లాటిన్‌లో 92వ పంక్తి), 12వ సర్గ చివర టర్నస్ చావు (951) పక్కపక్కన పెట్టి చదవండి. లాటిన్‌లో రెండుచోట్లా అవే మూడు మాటలు: ‘సోల్వుంటుర్ ఫ్రిగోరె మెంబ్రా’. అంటే చలికి ఒళ్లు పట్టు తప్పడం. మొదట కథానాయకుడు ఈనియాస్‌కి, చివర అతని చేతిలో చచ్చేవాడికి! ఇంగ్లిష్‌లోనూ అవే మాటలు తిరిగొస్తే అనువాదకుడు పునరుక్తిని పట్టించుకున్నట్టే.

అంత్యప్రాసతో సాగే ఇంగ్లిష్ కవి డ్రైడెన్ అనువాదం (1697) దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. మొదట్లోనే ‘ఫేట్’ (విధి)కి ప్రాసగా ‘హేట్’ (ద్వేషం) వేశాడు. వర్జిల్ అక్కడ దేవత జూనో కోపం అన్నాడంతే. అందుకే మళ్లీమళ్లీ కనిపించే మాటకి అర్థాలు వెతికేముందు అది ప్రాస కోసం పంక్తి చివర వచ్చిందేమో చూసుకోండి.