మడత చాకుల తయారీ: ఏయే రకాలు చేస్తే అమ్ముడవుతాయి

విజయవాడ ఆటోనగర్ వంటి చోట చిన్న షెడ్డు పెట్టుకుని మడత చాకులు చేసి అమ్మాలనుకునేవారు సాధారణంగా పిడి రంగులతో, కొత్త ఆకారాలతో మొదలుపెడతారు. కొనేవారు చూసేది మాత్రం తమ పనిని. అందుచేత పాతిక రకాలు పేర్చడం మానుకుని, నాలుగైదు పనులకు నాలుగైదు చాకులు చేసి, ఏది దేనికో చేతిలోకి తీసుకోగానే తెలిసేలా చూడాలి. ఫ్రాన్స్‌కు చెందిన ఒపినెల్ 1897లో ఒకే ఆకారపు చాకుకు 1 నుంచి 12 వరకు నంబర్లు వేసి, పరిమాణాల వారీగా అమ్మకానికి పెట్టింది. ఈనాటికీ 8వ నంబరు అడిగితే సుమారు 8.5 సెంటీమీటర్ల బ్లేడు ఉన్న చాకు చేతికి వస్తుంది.

రకాలు నిర్ణయించే ముందు పని జరిగే చోట కాసేపు నిలబడి చూడండి. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) కుట్టు తెంచే మనిషి ఒక చేత్తో గోనె పట్టుకుని ఉంటాడు కనుక, బొటనవేలితో నెడితే తెరుచుకునే చాకు అతనికి కావాలి. కారం ధూళి ఇరుసులోకి దిగి నూనెతో కలిస్తే జిగురు ముద్దగా మారి బ్లేడు బిగుసుకుపోతుంది. అందువల్ల వీపువైపు తెరిచి ఉండి, నీళ్లు పోస్తే మురికి బయటికి పోయే పిడి, రివెట్టుకు బదులు విప్పి బిగించుకోగలిగే స్క్రూ తప్పనిసరి. నూజివీడు ప్రాంతంలో మామిడి అంట్లు కట్టేవారి అవసరం వేరు: అంచు తిన్నగా ఉండి, ఒకవైపే సాన పట్టిన బ్లేడయితేనే కోత చదునుగా వస్తుంది, అంటుకొమ్మ సందు లేకుండా మొక్కకు అతుకుతుంది. ఇంట్లో పండ్లు కోసుకునేవారికి పలుచని బ్లేడు చాలు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఎంచుకోవలసింది ఉక్కు. కార్బన్ ఉక్కు సులువుగా పదునెక్కుతుంది గాని, మామిడి పులుపు, నిమ్మరసం, చేతి చెమట తగిలితే త్వరగా నల్లబడుతుంది, తుడవకుండా మడిస్తే తుప్పు పడుతుంది. డీ2 అనే పనిముట్ల ఉక్కులో తుప్పును ఆపే క్రోమియం దాదాపు 12 శాతం ఉన్నా, అందులో చాలా భాగం కార్బైడులలో (కార్బన్‌తో కలిసి ఏర్పడే గట్టి రేణువులలో) చిక్కుకుపోతుంది. కాబట్టి దానిని స్టెయిన్‌లెస్ అని చెప్పి అమ్మడం కొనేవారిని మోసగించడమే. మన వాతావరణానికి 13 శాతానికి పైగా క్రోమియం ఉన్న 12సీ27 వంటి స్టెయిన్‌లెస్ ఉక్కును ప్రధానంగా పెట్టుకుని, కార్బన్ ఉక్కును దాని సంగతి తెలిసి అడిగేవారికి మాత్రమే చేయడం మంచిదని నా అభిప్రాయం. ఏ ఉక్కో బ్లేడు మీదనే చెక్కించండి.

లాక్ విషయంలో పొదుపు చేయకూడదు. పొడిచి తిప్పే పనులకు లాక్ లేకుండా స్ప్రింగు ఒత్తిడితోనే తెరిచి నిలిచే చాకు పనికిరాదు, వేళ్ల మీదికి మూసుకుంటుంది. లైనర్ లాక్ (పిడి లోపలి రేకు పక్కకు జరిగి బ్లేడును ఆపేది) సాధారణంగా కుడిచేతి వాటానికే అనువుగా ఉంటుంది కనుక, ఎడమచేతి వాటం వారి కోసం వెనుక లాక్ (పిడి వీపు మీద నొక్కితే విడిపోయేది) ఉన్న రకం ఒకటైనా ఉండాలి. ప్రతి చాకునూ తెరిచి, బ్లేడును పక్కలకు కదిపి చూసి, ఏమాత్రం ఊగినా పక్కన పెట్టేయండి.

9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న బ్లేడు ఆయుధ నిబంధనల పరిధిలోకి వస్తుంది, ఇంటి, వ్యవసాయ పనులకు చేసినవాటికి మాత్రం మినహాయింపు ఉంది. జేబు చాకుకు అంత పొడవు అవసరమే లేదు. విమానంలో చేతి సంచిలో తీసుకెళ్లరాదని పెట్టె మీద తెలుగులో ముద్రించండి.

ధర కాస్త ఎక్కువైనా, సాన పట్టించి ఇస్తామనీ స్క్రూలు, స్ప్రింగులు విడిగా దొరుకుతాయనీ చెబితే కొనేవారు వెనుకాడరు. అందుకే అన్ని రకాలకూ ఒకే కొలత స్క్రూలు వాడండి.