పిచ్చర్ చెయ్యి పదికాలాలు నిలవాలంటే

క్రికెట్‌లో మోచెయ్యి వంచి విసిరితే నోబాల్. బేస్‌బాల్‌లో బ్యాటర్‌కు బంతి విసిరే పిచ్చర్ పనే అది. వంచిన మోచేతిని కొరడా ఝళిపించినట్టు చాపుతాడు. ఆ ఒత్తిడంతా పడేది మోచెయ్యి లోపలివైపున్న చిన్న లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే కట్టు) మీద. 1974లో అమెరికన్ పిచ్చర్ టామీ జాన్‌కు తెగింది అదే. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి ముంజేతి నుంచి తీసిన స్నాయువును ఎడమ మోచేతిలో అమర్చారు. 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. అలాగని ఆపరేషన్ ఉందిలే అన్న ధీమా వద్దు, కోలుకోవడానికి ఏడాది పైనే పడుతుంది.

అమెరికాలో మీ పిల్లలు పిచ్చింగ్ మొదలుపెడితే వేగం కన్నా ముందు లెక్క చూడండి. పిల్లల చేతులు దెబ్బతినకుండా అక్కడ రూపొందించిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల ప్రకారం రోజుకు 9–10 ఏళ్ళవారికి 75 బంతులు, 11–12కి 85, 13–14కి 95 దాటకూడదు. 14 ఏళ్ళవారు, అంతకన్నా చిన్నవారు ఒక రోజులో 21–35 బంతులు విసిరితే ఒక రోజు విశ్రాంతి, 36–50కి రెండు, 51–65కి మూడు, 66, ఆపైన అయితే నాలుగు. లెక్క తప్పేది ఎక్కువగా రెండు జట్లకు ఆడేవాళ్ళకే. శనివారం ఒక కోచ్, ఆదివారం ఇంకో కోచ్, ఎవరి పుస్తకం వారిదే. కాబట్టి మీ లెక్క మీరే రాసుకోండి. పిచ్చింగ్ చేసిన రోజే క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా) నిలబెట్టొద్దు. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పిచ్చింగ్ మానాలి.

మొదట నేర్పాల్సింది ఫోర్‌సీమ్, అంటే వేగంగా, తిన్నగా పోయే బంతి. బంతి మీద కుట్లు గుర్రపునాడాలా వంపు తిరిగే చోటు చూడండి. చూపుడువేలు, నడిమివేలు కొసలు ఆ కుట్టుకు అడ్డంగా ఆనాలి, రెండు వేళ్ళ మధ్య వేలెడు సందు ఉండాలి. బొటనవేలు కింద. బంతికీ అరచేతికీ మధ్య ఖాళీ కనబడాలి. గట్టిగా పిసికి పట్టుకుంటే మణికట్టు బిగుసుకుని వేగం తగ్గుతుంది. తర్వాత ఛేంజప్ (అదే ఊపుతో వచ్చినా నెమ్మదిగా పోయే బంతి) నేర్పండి: బంతిని అరచేతిలోకి జరిపి, చేతిని మాత్రం అదే ఊపుతో తిప్పాలి. వంపు తిరిగే కర్వ్‌బాల్‌కు తొందరపడొద్దు.

అలసట అంకెలో కనబడకపోవచ్చు, మోచేతిలో కనబడుతుంది. విసిరేటప్పుడు మోచెయ్యి భుజం మట్టానికి కిందికి జారుతుంది, బంతులు వరసగా ఎత్తుగా పోతాయి. అప్పుడు లెక్క 40 బంతుల దగ్గరున్నా సరే, పిచ్చింగ్ ఆపించేయండి. మోచెయ్యి లోపలివైపు నొప్పంటే మాత్ర వేసి ఆడించకండి. బంతి పక్కన పెట్టించి స్పోర్ట్స్ డాక్టరుకు చూపించండి.