డేకేర్ బ్యాగ్ సర్దేముందు ఆ సిరప్ సీసా బయటికి తీయండి

పోయిన వారం నేను పనిచేసే డేకేర్‌లో రెండున్నరేళ్ల బాబు ఒకడు మూతి చుట్టూ గులాబీ రంగుతో కనిపించాడు. చేతిలో జ్వరం సిరప్ సీసా. అది వాడిది కాదు, పక్క కొక్కేనికి వేలాడుతున్న ఒక పాప బ్యాగ్‌లోది. పాపకు ముందురోజు రాత్రి ఒళ్లు కాస్త వెచ్చబడిందట. ఎందుకైనా మంచిదని వాళ్లమ్మ సైడు జేబులో పెట్టి పంపింది, మాకు చెప్పలేదు. చెబితే పాపను వెనక్కి పంపేస్తామని ఆమె భయం. సీసాలో ఎంత మిగిలి ఉందో ఆమెకు గుర్తులేదు. వాడు ఎంత తాగాడో, ఎంత ఒలకబోశాడో మాకు తెలీదు. తాగిన 4 గంటలకు రక్తం తీస్తే గానీ చెప్పలేమన్నారు ఆస్పత్రిలో. ఆ నాలుగు గంటలూ ఇద్దరు తల్లులు చెరో మూల కూర్చున్నారు.

బాబు బాగానే ఉన్నాడు. కానీ నేను చూసిన మొదటి సిరప్ సీసా ఇది కాదు, అందుకే రాస్తున్నా. రెండు జతల బట్టలు, డైపర్లు, నీళ్ల సీసా పెట్టమని నేను చెప్పక్కర్లేదు, ఆ లిస్టు డేకేర్ వాళ్లే ఇస్తారు.

మందుల సంగతి

బ్యాగ్‌లో మందు పెట్టొద్దు. ఏ మందూ వద్దు.

బ్యాగ్ మీరు మీ పాప కోసమే సర్దుతారు. అది వేలాడేది మాత్రం పిల్లలందరి చేతికీ అందే ఎత్తులో. జిప్పు లాగడం రెండేళ్లకే వచ్చేస్తుంది. సీసాకు పిల్లలు తీయలేని మూత ఉందిగా అంటారు. ఆ మూత వాళ్లను కాసేపు ఆలస్యం చేస్తుంది, అంతే. పొద్దున హడావిడిలో మీరు సగమే తిప్పి వదిలేస్తే ఆ కాసేపు కూడా ఉండదు.

పిల్లలు తెరవకపోయినా ఇంకో గండం ఉంది. పొద్దున 8 గంటలకు మీరు ఒక డోసు వేసి పంపుతారు. 10 గంటలకు ఒళ్లు కాలుతోందని టీచర్ బ్యాగ్ వెతికి, సీసా కనబడిందని ఇంకో డోసు వేస్తుంది. ఇద్దరిదీ మంచి ఉద్దేశమే. పారాసెటమాల్ డోసుకూ డోసుకూ మధ్య కనీసం 4 గంటలు ఉండాలి. ఒక డోసులో కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు దాటకూడదు.

పైగా సీసాలన్నీ ఒకటి కాదు. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు ఉండొచ్చు, 250 ఉండొచ్చు. కొన్ని డ్రాప్స్‌లో ఒక్క మిల్లీలీటరుకే 100 ఉంటుంది. పది కిలోల పాపకు 150 మిల్లీగ్రాములే గరిష్ఠం. అలాంటి డ్రాప్స్‌ను సిరప్ అనుకుని 5 మిల్లీలీటర్లు పోస్తే 500 వెళ్లిపోతుంది. లేబుల్ చిరిగిపోయిన సీసా అయితే టీచర్‌కి తెలిసే దారే లేదు.

ఇందులో అసలు మోసం ఏంటంటే, పారాసెటమాల్ ఎక్కువైన పిల్లలు మొదటి రోజు మామూలుగానే ఆడుకుంటుంటారు. కాలేయం దెబ్బతిన్న సంగతి తర్వాత బయటపడుతుంది. విరుగుడు 8 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. కాబట్టి తాగాడని అనుమానం వస్తే చాలు, సాయంత్రం దాకా చూద్దామని ఆగొద్దు. గొంతులో వేలు పెట్టి వాంతి చేయించొద్దు. ఆ సీసా తీసుకుని ఆస్పత్రికి వెళ్లండి.

మరి ఉబ్బసం ఉన్న పిల్లల ఇన్‌హేలరో, తీవ్రమైన అలెర్జీ ఉన్నవాళ్ల ఇంజెక్షనో? అవి డేకేర్‌లో ఉండి తీరాలి, కానీ బ్యాగ్‌లో కాదు. టీచర్ చేతికి ఇవ్వండి, డాక్టర్ చీటీతో, పాప పేరు రాసి. పొద్దున ఇంట్లో ఏదైనా మందు వేస్తే ఎంత వేశారో, ఎన్ని గంటలకు వేశారో కాగితం మీద రాసివ్వండి. నోటితో చెబితే మర్చిపోతాం. పదిమంది పిల్లలు ఒకేసారి దిగే టైమది.

మందంటే సిరప్ ఒక్కటే అనుకోవద్దు. విటమిన్ గమ్మీలు పిల్లల కంటికి మిఠాయిలే. పళ్లు వచ్చేటప్పుడు చిగుళ్లకు పూసే జెల్‌లో బెంజోకెయిన్ అనే మొద్దుబార్చే మందు ఉంటే రెండేళ్లలోపు పిల్లలకు అసలు వాడకూడదు, రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి పడిపోయే ప్రమాదం ఉంది. కర్పూరం కలిసిన బామ్ మింగితే ఫిట్స్ రావొచ్చు. అన్నిటికంటే నాకు భయం పెద్దవాళ్ల ఐరన్ మాత్రలంటే. మీ హ్యాండ్‌బ్యాగూ పాప బ్యాగూ ఒకటే అయిన రోజు, ఆ స్ట్రిప్ పాప బ్యాగ్‌లోనే ఉండిపోతుంది.

తిండి డబ్బా

ద్రాక్ష పెడితే నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. అడ్డంగా కోస్తే ముక్క గుండ్రంగానే ఉండి గొంతుకు అడ్డం పడుతుంది. గింజలు, పాప్‌కార్న్, పచ్చి క్యారెట్ ముక్కలు నాలుగేళ్లలోపు పిల్లలకు వద్దు. ఏడాది నిండని పాపకు తేనె తగిలిన ఏదీ వద్దు. పొడి పాలు ఇంట్లోనే కలిపి పంపొద్దు, బయట 2 గంటలే నిలుస్తాయి. పొడి వేరుగా, నీళ్లు వేరుగా పంపండి. తల్లిపాలైతే గడ్డకట్టిన ఐస్ ప్యాకులున్న సంచిలో 24 గంటల దాకా పర్వాలేదు.

ఇక మిగిలినవి, గుర్తొచ్చిన వరుసలో:

- లైట్లు వెలిగే బొమ్మ, పాట పాడే బొమ్మ పంపొద్దు. లోపల బిళ్ల బ్యాటరీ ఉండొచ్చు. అది గొంతులో ఇరుక్కుంటే 2 గంటల్లో అన్నవాహికను కాల్చేస్తుంది.
- మెడలో పూసల దండ వద్దు. పళ్లు వచ్చేటప్పుడు వేసేదైనా సరే.
- పాసిఫయర్‌కి పొడుగాటి తాడు వద్దు. హుడ్ తాడు పీకేయండి.
- పిన్నీసు వద్దు.
- నిద్రలో పక్కన ఉంటుందని ఏడాదిలోపు పాపకు దిండు, మెత్తటి బొమ్మ పంపొద్దు. ఊపిరాడదు.
- తడి బట్టలకు పల్చటి ప్లాస్టిక్ కవర్ వద్దు, గుడ్డ సంచి పెట్టండి. కవర్ చేసే పని దిండు చేసేదే.
- పేరు బ్యాగ్ లోపల రాయండి. బయట పెద్దక్షరాలతో రాస్తే దారిన పోయేవాడు కూడా పేరు పెట్టి పిలుస్తాడు.
- శానిటైజర్ వద్దు. అది ఆల్కహాల్.
- నిన్నటి బ్యాగ్ మీదే ఇవాళ్టివి సర్దొద్దు. రోజూ రాత్రి తలకిందులు చేసి దులపండి.
- బ్యాగ్ సర్దేది ఇంట్లో ఒక్కరే ఉండాలి. నలుగురు తలో చెయ్యీ వేస్తే ఏం పెట్టారో ఎవరికీ తెలీదు. మొన్నటి సీసా కంటే ముందు నాకు దొరికినవి చాలావరకు ఇలా వచ్చినవే.
- జ్వరం ఉంటే ఉందని చెప్పండి. వెనక్కి పంపుతాం, నిజమే. ఒక రోజు సెలవు పోతుంది. పోనీండి.
- మందు వద్దు. అరచెంచా మిగిలిందైనా, రాత్రి తీయడం మర్చిపోయిందైనా వద్దు.
- గేటు దగ్గర అడుగుతాం, మందేమైనా ఉందా అని. లేదు అనేముందు ఒకసారి సైడు జేబులో చెయ్యి పెట్టి చూడండి.