ఎక్సెల్ ఫార్ములాలో నేరుగా రాసిన విలువ లెక్క తప్పిస్తోందా?

ఎర్రర్ చూపించే ఫార్ములాతో పెద్ద ప్రమాదం లేదు, చూడగానే దిద్దుకుంటాం. కిక్కురుమనకుండా తప్పు జవాబిచ్చేదే కొంప ముంచుతుంది. ముందు అలాంటివే చూద్దాం.

సమస్య: మొత్తం బాగా తక్కువ వస్తోంది

బి2లో 20000 ఉంది, దానికి లక్షన్నర కలపాలి. =సమ్(బి2,1,50,000) అని కొడితే 20051 వస్తుంది. లక్షలు రాసేటప్పుడు మనకు అలవాటైన కామా, ఎక్సెల్‌కి ఒక విలువ ముగిసి ఇంకోటి మొదలైందన్న గుర్తు. అందుకే 1, 50, 0 అని మూడు ముక్కలుగా కూడేసింది. ఫార్ములాలో 150000 అనే రాయండి. కామాలు కావాలంటే సెల్ ఫార్మాట్‌లో పెట్టుకోవచ్చు.

సమస్య: గడువులోపు కట్టినవాళ్లకీ "లేటు" అని పడుతోంది

=ఇఫ్(సి2>15/08/2024,"లేటు","సరే")

ఇక్కడ గీతలు భాగహారం అయిపోయాయి. 15ని 8తో, వచ్చినదాన్ని 2024తో భాగించింది. అనుమానముంటే ఫార్ములా బార్‌లో ఆ తేదీ ముక్కను మాత్రమే సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కండి, 0.000926తో మొదలయ్యే సంఖ్య కనిపిస్తుంది. చూశాక ఎస్కేప్ నొక్కడం మరవొద్దు, ఎంటర్ కొడితే ఆ సంఖ్యే ఫార్ములాలో ఉండిపోతుంది. ఎక్సెల్ తేదీలను రోజుల లెక్కగా దాచుకుంటుంది, 2024 ఆగస్టు 15 అంటే దానికి 45519. కాబట్టి ఏ తేదీ అయినా ఆ చిన్న సంఖ్యకంటే పెద్దదే.

సరేనని తేదీకి కోట్స్ పెడితే కథ అడ్డం తిరుగుతుంది, ఒక్కరూ లేటు కారు. పోలికలో టెక్స్ట్ ఎప్పుడూ సంఖ్యకంటే పెద్దదని ఎక్సెల్ లెక్క. సరైన దారి డేట్(2024,8,15). ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు.

సమస్య: #నేమ్? అని వస్తోంది

మాటకు డబుల్ కోట్స్ పెట్టలేదు, లేదా వర్డ్ నుంచి పేస్ట్ చేసినప్పుడు వంకర కోట్స్ వచ్చాయి. వాటిని చెరిపి కీబోర్డుతో మళ్లీ కొట్టండి.

సమస్య: సెల్‌లో 500 ఉన్నా ఫార్ములా కాదంటోంది

ఏ2="500" అని రాసి ఉంటారు. కోట్స్‌లో పెట్టిన 500 టెక్స్ట్, సెల్‌లోది సంఖ్య. కోట్స్ తీసేయండి.

సమస్య: 16 అంకెల నంబరులో చివరి అంకె సున్నా అయింది

ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెలే నిలుస్తాయి. కార్డు నంబరు లాంటివి కూడేవీ తీసేసేవీ కావు గనుక, ఫార్ములాలో కోట్స్ మధ్య రాయండి. సెల్‌లో అయితే టెక్స్ట్ ఫార్మాట్ పెట్టాకే కొట్టండి. పోయిన అంకె తర్వాత ఫార్మాట్ మార్చినా తిరిగి రాదు.