టెలిఫోటోలో బుడుబుంగ మసకగా వస్తుంటే: నా అనుభవం

కొల్లేరులో, దూరపువాటిని దగ్గరగా చూపే 600 ఎంఎం టెలిఫోటో లెన్సుతో తీసిన బుడుబుంగల (నీటిలో మునిగి తేలే చిన్న పక్షుల) ఫొటోలలో, ఫోకస్ కుదిరినా, కంటి చుట్టూ ఈకలు కరిగిపోయినట్టుండేవి. షట్టర్ వేగం 1/2000 సెకనుకు పెంచడం, ట్రైపాడ్ వాడటం, చేతి వణుకును సరిచేసే స్టెబిలైజర్ ఆపడం, ఏదీ ఫలించలేదు.

చివరకు కెమెరా తెరపై కనిపించే లైవ్ వ్యూను బాగా పెద్దదిగా చేసి చూస్తే, నీటిలో నాటిన వెదురు గుంజ అంచు కూడా వణుకుతూ కనిపించింది. దోషం లెన్సుది కాదు, మధ్యలో వేడెక్కిన గాలిదని అప్పుడు అర్థమైంది. మరునాడు తెల్లవారకముందే వెళ్ళి, ముందుగా గుంజ అంచు నిలకడగా ఉందని చూసుకుని, పక్షి మునిగిన ప్రతిసారీ రెండడుగులు జరిగి, అది తేలేలోపు కదలకుండా కూర్చుంటూ, దూరాన్ని సుమారు పది మీటర్లకు తగ్గించాను. ముక్కు మొదట్లోని లేతపసుపు మచ్చ, దానిపై నిలిచిన నీటిబొట్టుతో సహా, మొదటిసారి స్పష్టంగా దక్కింది.

అయితే గాలి కంటే నీరు వెచ్చగా ఉండే చలికాలపు ఉదయాల్లో ఈ వణుకు వేకువనే ఉండవచ్చు. అప్పుడు దూరం తగ్గించడమొక్కటే కొంత మేలు చేస్తుందని నా అభిప్రాయం.