ఎడారి ఎముకలు చదవాలంటే ముందు జల్లెడ సంగతి చూడండి

లిబియా నైరుతి మూలన, నడి సహారాలో తకర్కోరి అనే కొండచరియ ఆవాసం ఉంది. అక్కడ దొరికిన 17,551 జంతు అవశేషాల్లో దాదాపు 80 శాతం చేపలవే, అవీ క్యాట్‌ఫిష్, తిలాపియా! అన్నిటికన్నా పాత పొరల్లో (10,200–8,000 ఏళ్ల కిందటివి) చేపల వాటా 90 శాతం. 5,900–4,650 ఏళ్ల నాటి పొరలకు వచ్చేసరికి అది 40 శాతానికి పడిపోయింది. నీళ్లు ఎండిపోయిన చరిత్రంతా ఆ తగ్గుదలలో ఉంది. జల్లెడ కన్ను పెద్దదైతే మాత్రం అది మన చేతికి రాదు.

తవ్విన మట్టిని 5 మిల్లీమీటర్ల కన్నున్న జల్లెడలో జల్లిస్తే చిన్న చేపల వెన్నుపూసలు జారిపోతాయి. 2 మిల్లీమీటర్లది వాడండి. ప్రతి పొర నుంచీ ఎన్ని లీటర్ల మట్టి జల్లించారో రాసుకోకపోతే పొరలను పోల్చలేరు. ఎడారి ఎముకలో ఉప్పు ఉంటుంది. దాన్ని తడిపి ఎండబెడితే ఉప్పు స్ఫటికాలుగా మారి ఎముకను పగలగొడుతుంది. అందుకే పొడిగానే జల్లించి, మెత్తటి కుంచెతో, వెదురు పుల్లతో శుభ్రం చేయండి. ఇనుప పనిముట్టు చేసే గీత రేపు కత్తిగాటులా కనిపించి తప్పుదారి పట్టిస్తుంది. కాలనిర్ణయానికి పంపాల్సిన ముక్కకు జిగురు పూయకండి. కాలనిర్ణయానికి పనికొచ్చే కొల్లాజెన్ (ఎముకలోని ప్రోటీన్) వేడికి చాలాసార్లు మిగలదు కాబట్టి పళ్లను విడిగా దాచండి, పంటి పైపొర ఎనామెల్ గట్టిది.

తర్వాత జాతి గుర్తింపు. గొర్రె, మేక ఎముకలు చాలావరకు ఒకేలా ఉంటాయి. ముంగాలి మెటాకార్పల్ (గిట్టకు పైనుండే పొడుగు ఎముక) కొస, కొమ్ము మొదలు లాంటివి దొరికితేనే విడదీయండి. లేకపోతే ‘గొర్రె లేదా మేక’ అనే రాయండి, ఊహించొద్దు.

ఆ ఎముకను అక్కడికి తెచ్చింది మనిషేనా? ఎలుక ఎముకలు గుడ్లగూబ కక్కినవి కావచ్చు. కత్తిగాట్లు, కాలిన గుర్తులు వెతకండి. నల్లగా ఉంటే మాడింది, తెల్లగా సుద్దలా ఉంటే ఎక్కువ వేడిలో పూర్తిగా కాలింది. ఎండకు కూడా ఎముక తెల్లబడుతుంది కాబట్టి విరిగిన అంచులో లోపలి రంగు చూసి తేల్చుకోండి. తకర్కోరి చేపల మీద గాట్లు, కాలిన ఆనవాళ్లు ఉన్నాయి కనుకే అవి మనుషులు తిన్నవని చెప్పగలిగారు.

లెక్క దగ్గర తొందర పడొద్దు. ఒకే చేపలో డజన్ల కొద్దీ వెన్నుపూసలుంటాయి కాబట్టి ముక్కల సంఖ్య జంతువుల సంఖ్య కాదు. ఒకే జాతివి మూడు కుడి దవడలు, రెండు ఎడమ దవడలు ఉంటే కనీసం మూడు జంతువులు. రెండు లెక్కలూ పక్కపక్కన ఇవ్వండి. 80 శాతం చేప ఎముకలంటే 80 శాతం మాంసం చేపదే అని కాదు. ఒక్క ఆవు వందల చేపలకు సమానమైన తిండి.